పిటో గొట్టం
పిటో గొట్టం ప్రవాహానికి ఎదురుగా నిలిపి, పీడనం ఆధారంగా వేగాన్ని కొలిచే సాధనం. ఫ్రెంచ్ ఇంజినీరు ఆన్రీ పిటో 1732లో సెయిన్ నది వేగం తెలుసుకోవడానికి దీన్ని వాడాడు. 19వ శతాబ్దంలో ఆన్రీ డార్సీ మెరుగుపరిచాడు.

విమానంలో గొట్టం మూతి దగ్గర గాలి ఆగిపోయి మొత్తం పీడనాన్ని, పక్క రంధ్రాలు స్థిర పీడనాన్ని ఇస్తాయి. తక్కువ వేగాల్లో ఈ రెండింటి తేడా, గాలి సాంద్రతను వేగ వర్గంతో గుణిస్తే వచ్చేదాంట్లో సగం. మాక్ 0.3 దాటాక గాలి కుదించుకుపోవడాన్నీ లెక్కించాలి.

ధ్వనివేగాన్ని మించిన ప్రవాహంలో గొట్టానికి ముందే షాక్‌వేవ్ నిలుస్తుంది. దాన్ని దాటేటప్పుడు మొత్తం పీడనం తగ్గుతుంది. మాక్ 2 దగ్గర ఈ నష్టం సుమారు 28 శాతం. దీన్ని కలుపుకున్న రేలీ సూత్రంతో మాక్ సంఖ్యను రాబడతారు.

మంచు పేరుకోకుండా గొట్టాన్ని విద్యుత్తుతో వేడిచేస్తారు. 2009 జూన్ 1న 228 మంది మరణించిన ఎయిర్ ఫ్రాన్స్ 447 ప్రమాదం, మంచు స్ఫటికాలతో గొట్టాలు తాత్కాలికంగా మూసుకుపోవడంతో మొదలైంది.