వద్దన్నామని రాయండి

నర్సీపట్నం బస్సు దిగి కొయ్యూరు మన్యంలో ఏ ఊరికైనా రండి. మద్యం దుకాణం దరఖాస్తు గ్రామసభకు వచ్చిన రోజు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ చింతచెట్టు నీడలో, ఆడవాళ్ల వరస వెనక కూర్చోండి.

ఎక్సైజు అధికారి ఫైలు విప్పుతాడు. బడి, గుడి, ఆసుపత్రి ఎంతెంత దూరమో కొలిచిన కాగితం పైనే ఉంది. కింద మైదానంలో ఆ కొలతలు సరిపోతే మిగిలేది అదృష్టమే. 2024 అక్టోబరు 14న రాష్ట్రంలో 3,396 దుకాణాలకు లాటరీ తీశారు. దరఖాస్తుకు 2 లక్షలు. చీటీ తగలకపోతే ఆ డబ్బు తిరిగిరాదు.

ఇది షెడ్యూల్డు ప్రాంతం. మత్తు అమ్మకాన్ని నిషేధించే, కట్టడి చేసే అధికారాన్ని 1996 నాటి పీసా చట్టం పంచాయతీలకూ గ్రామసభలకూ ఇచ్చింది. అందుకే ఆయన ఈ చెట్టు కిందకొచ్చాడు.

"షాపుంటే బెల్టుషాపులు పోతాయి గదా," అంటాడొక కుర్రాడు.

"పోవురా. దానికి ఇదీ తోడవుద్ది," ముందు వరసలోంచి జవాబు.

"మరి జీలుగు కల్లో?" అధికారి నవ్వుతూ అడుగుతాడు.

ముసలాయన నవ్వడు. "అది మా చెట్టుది, బాబూ."

చిన్న మాటేం కాదది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడానికీ ఆబ్కారీ ఆంక్షలు పెట్టి, ఆ రాబడిని గుత్తేదార్లకు అప్పగిస్తే 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. అప్పుడు మన్యాన్ని అడిగిన నాథుడు లేడు. తాగుడు మానమని చెప్పిన అల్లూరి సీతారామరాజును 1924 మే 7న కాల్చి చంపింది ఈ కొయ్యూరులోనే. కల్లు కోసం పోరాడిందీ, తాగుడు వద్దన్న మనిషి వెంట నడిచిందీ ఈ కొండలే. తమను అడగకుండా ఎవరో నిర్ణయించడమే ఇక్కడ గిట్టదు.

చేతులు లేస్తాయి. కార్యదర్శి లెక్కపెట్టి రిజిస్టరులో రాసుకుంటాడు.

"ఏటి రాసేవు? సదువు," అంటుందొక మామ్మ.

"దుకాణం విషయమై చర్చించడమైనది..."

"సర్చించడమేటి? వద్దన్నాం. అది రాయి."

కార్యదర్శి అధికారి వైపు చూస్తాడు. ఆయన తల ఊపుతాడు. మెజారిటీతో తిరస్కరించినట్టు కింద మరో వాక్యం పడుతుంది. అది చదివి వినిపించాకే మామ్మ స్టాంపు ప్యాడ్ మీద వేలు పెడుతుంది.

"నకలొకటి మాకివ్వండి సారూ," అంటుంది లేస్తూ. "రేపు మీరు బదిలీ అయిపోతే, కొత్తాయనకి సూపించాలి గదా."