ఫ్యూజు పెట్టె, రాగి నాణెం, ఇంటి బీమా

మేము న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరిలో ఒక పాత ఇల్లు కొన్నది 2018లో. ఇల్లు కట్టినది 1952లో. నేలమాళిగలో మెట్ల కింద ఒక బూడిదరంగు ఇనుప పెట్టె, అందులో మరతో బిగించే నాలుగు గాజు ఫ్యూజులు ఉండేవి. ఇంటి మొత్తానికి 60 ఆంపియర్ల సరఫరా. కొనేనాడే తనిఖీదారు ఆ పెట్టెను మార్పించమని చెప్పాడు. చెప్పింది మేమే చెవిన పెట్టలేదు.

మరుసటి ఏడు బీమా సంస్థ మనిషి వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. గడువులోగా ఆ పెట్టె తీసి బ్రేకర్ల ప్యానెల్ పెట్టించకపోతే పాలసీ పొడిగించబోమని దాని సారాంశం. అప్పు మీద కొన్న ఇంటికి బీమా లేకపోతే బ్యాంకు ఊరుకోదు. ప్యానెల్ మార్చడానికి కొన్ని వేల డాలర్లు. ఆ చలికాలం మా దగ్గర అంత సొమ్ము లేదు. బీమా ఇంటికి, పెట్టె ఇంటిలోనిది, కనుక ఖర్చు బీమాయే భరించాలని నేను ఏజెంటుతో వాదించాను. ఆ పెట్టె వల్ల ఇల్లు కాలితే పరిహారం ఇస్తామనీ, కాలకుండా పెట్టె మార్చుకోవడం మాత్రం యజమాని పనేననీ ఆయన మర్యాదగా చెప్పాడు.

ఆ జవాబు నాకు అన్యాయంగా తోచింది. అది ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని వెదకసాగాను.

1666 సెప్టెంబరులో లండన్ నగరం నాలుగు రోజులపాటు కాలింది. సుమారు 13,000 ఇళ్ళు బూడిదయ్యాయి. ఆ తరువాతనే, 1680 ప్రాంతంలో, నికొలస్ బార్బన్ అనే కట్టడాల వ్యాపారి ఇళ్ళకు అగ్ని బీమా అమ్మడం మొదలుపెట్టాడు. ఇటుక ఇంటికి ఒక ధర, కొయ్య ఇంటికి అంతకు రెట్టింపు. అంటే బీమా పుట్టినప్పుడే ఇంటిని తేరిపార చూసే కన్ను కూడా పుట్టింది.

అమెరికాలో ఆ కన్ను మరింత పదునెక్కింది. 1752లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఆయన మిత్రులు కలసి ఒక పరస్పర అగ్ని బీమా సంఘాన్ని స్థాపించారు. ప్రతి ఇంటినీ మనిషి వెళ్ళి చూచి, వివరాలు వ్రాసుకుని వచ్చిన తరువాతే పాలసీ. 1781లో ఆ సంఘం ముందర చెట్లున్న ఇళ్ళకు బీమా ఇవ్వరాదని తీర్మానించింది. చెట్లు మంటలార్పేవారికి అడ్డమని వారి భయం. చెట్టు కొట్టుకోవడమో, బీమా వదులుకోవడమో! చెట్లను వదులుకోలేని వారు 1784లో మరొక సంఘం పెట్టుకుని, పచ్చని చెట్టునే దాని చిహ్నంగా చేసుకున్నారు. నాకు వచ్చిన ఉత్తరానికి పూర్వీకురాలు ఆ 1781 తీర్మానమే అనిపించింది. చెట్టు కొట్టించే కూలి కూడా సంఘం ఇచ్చి ఉండదు.

తరువాత విద్యుత్తు వచ్చింది. మా ఊరి కథ ఇక్కడ కలుస్తుంది. థామస్ ఎడిసన్ 1876లో తన ప్రయోగశాలను నెలకొల్పిన మెన్లో పార్కు ఈ ఊరిలోని భాగమే. అప్పట్లో రారిటన్ టౌన్‌షిప్ అని పిలిచేవారు. ఆయన పేరు పెట్టుకున్నది 1954లో. 1879లో దీపం వెలిగింది, 1882లో న్యూయార్కు పెర్ల్ వీధి కేంద్రం నుంచి కరెంటు సరఫరా మొదలయింది. తీగలో ప్రవాహం మితిమీరితే తాను కరిగి ఇంటిని కాపాడే ఫ్యూజు కూడా ఆ కాలపు ఆలోచనే. మా నేలమాళిగలోని గాజు ఫ్యూజుల మరను ఇప్పటికీ ఎడిసన్ మర అనే అంటారు. బల్బుకూ ఫ్యూజుకూ ఒకే మర!

కొత్త వెలుగును చూసి అందరికంటె ఎక్కువ భయపడినవారు బీమా వ్యాపారులు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శన లక్ష దీపాల సంబరం. అక్కడి విద్యుత్ ఏర్పాట్లను పరీక్షించడానికి వారు విలియం హెన్రీ మెరిల్ అనే యువ ఇంజనీరును పంపారు. 1894లో ఆయన వారి అండతోనే ఒక పరీక్షాశాల ప్రారంభించాడు. అదే తరువాత అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అయింది. మన ఇంట్లో అనేక పరికరాల మీద కనిపించే ‘యూఎల్’ ముద్ర దానిదే. 1897లో జాతీయ విద్యుత్ నియమావళి వెలువడింది. అగ్ని నష్టానికి డబ్బు చెల్లించేవారు అగ్ని పుట్టకుండా చూసే బాధ్యతను కూడా కొంత నెత్తికెత్తుకున్నారన్నమాట. పరీక్ష వారిది, నియమం వారిది. ఆ నియమం పాటించే ఖర్చు మాత్రం ఇంటివాడిది.

1950 వరకు అగ్నికి ఒక పాలసీ, దొంగతనానికి ఒకటి, ఇలా వేరువేరుగా కొనుక్కోవలసి వచ్చేది. ఆ ఏడు ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫ్ నార్త్ అమెరికా అన్నింటినీ కలిపి ‘గృహస్థుల పాలసీ’ని తెచ్చింది. పేరు విని అది ఇంటినంతా కాస్తుందని అనుకుంటాం. కాని లోపలి భాష పాతదే. హఠాత్తుగా, అనుకోకుండా జరిగినది నష్టం. అరుగుదల, తరుగుదల, లోపల దాగిన తయారీలోపం, యంత్రం పాడవడం, ఇవి నష్టం కావు. పిడుగు పడి ప్యానెల్ మాడితే బీమా ఇస్తుంది. యజమాని వాటాగా ముందు కొంత మినహాయిస్తుంది. పాత ప్యానెల్ వేడెక్కి గోడ అంటుకుంటే, కాలిన గోడకూ ఇస్తుంది. ముసలిదైన ప్యానెల్‌కు మాత్రం ఇవ్వదు.

చదువరులకు పనికివచ్చే ఒక మాట. ఇంట్లో కొంత భాగం కాలి, బాగుచేసేటప్పుడు నేటి నియమం ప్రకారం కొత్త ప్యానెల్ తప్పనిసరి అయితే, ‘ఆర్డినెన్స్ ఆర్ లా’ అనే అంశం కింద ఆ అదనపు ఖర్చు దొరకవచ్చు. సాధారణంగా ఇంటి బీమా మొత్తంలో పది శాతం వరకు ఉంటుంది. అయితే ముందు బీమా ఒప్పుకునే ప్రమాదం జరగాలి. కాలకముందు అది అక్కరకు రాదు.

ఇంతవరకు నాకు ఏజెంటు మీద కోపం తగ్గుతూ వచ్చింది. తగ్గనివ్వని అధ్యాయం ఒకటుంది. న్యూజెర్సీలోని నెవార్కు నగరానికి చెందిన ఫెడరల్ పసిఫిక్ ఎలక్ట్రిక్ కంపెనీ 1950ల నుంచి 1980ల వరకు లక్షలాది ఇళ్ళకు ‘స్టాబ్-లాక్’ బ్రేకర్ల ప్యానెళ్ళు అమ్మింది. వాటి మీద యూఎల్ ముద్ర ఉండేది. 1979లో దానిని కొన్న రిలయన్స్ ఎలక్ట్రిక్ సంస్థ, మరుసటి ఏడే, ఆ ముద్రలు చాలావరకు అక్రమ పద్ధతులలో సంపాదించినవని బయటపెట్టింది. ఆపదవేళ తెగవలసిన బ్రేకర్లు తెగకపోవడం అసలు భయం. ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంఘం విచారణ చేపట్టి, తేల్చడానికి కావలసినంత నిధులు లేక 1983లో ముగించింది. దోషమని అనలేదు, నిర్దోషమనీ అనలేదు. తరువాత న్యూజెర్సీ న్యాయస్థానం ఆ కంపెనీ వినియోగదారులను మోసగించిందని తీర్పు చెప్పింది. ఇప్పుడు చాలా బీమా సంస్థలు ఆ ప్యానెల్ ఉన్న ఇంటిని ఒప్పుకోవు. బీమావారు పుట్టించిన ముద్రను నమ్మి కొన్న గృహస్థుడు, దానిని తన డబ్బుతోనే పీకించాలి. అతని తప్పేమిటి?

మా ఇంటి సంగతి వేరు. తప్పు మాదే. స్నేహితుల దగ్గర అప్పు తెచ్చి పెట్టె మార్పించాము. పని చేసిన ఎలక్ట్రీషియన్ ఒక గాజు ఫ్యూజును విప్పి, దాని వెనుక నుంచి నల్లబడిన రాగి పెన్నీని తీసి నా అరచేతిలో పెట్టాడు. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే విసిగిన వారెవరో నాణెం అడ్డుపెట్టారు. ఇక ప్రవాహం ఎంత పెరిగినా ఫ్యూజు కాపాడలేదు. కరిగేది గోడలోని తీగే. మా చిన్నతనంలో తెనాలిలో ఫ్యూజు పోయినప్పుడల్లా మా నాన్నగారు ఫ్యూజు వైరుకు బదులు రెండు పేటల రాగి తీగ కట్టి, ఇక పోదు అని సంతోషించేవారు. దేశాలు వేరయినా ఉపాయం ఒక్కటే.

ఆ నాణెం ఉన్న గోడకు అవతలి వైపునే మా అమ్మాయి మంచం ఉండేది. ఏడాదిపాటు అక్కడే పడుకుంది. బీమా సంస్థ మాకు పైసా ఇవ్వలేదు. కాని ఆ ఉత్తరం రాకపోతే నేను ఆ పెట్టె తలుపు తీసేవాడినే కాదు. స్టాబ్-లాక్ ఇళ్ళవారి కోపం న్యాయమైనదే. నా కోపం మాత్రం నాణెంతోపాటు అరచేతిలోనే చల్లారింది.