బావిలో వాసన: ముక్కు చెప్పని సంగతి

మంజీరపై 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కాలువల వెంట చెరకు విస్తరించింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. అందుకే కాబోలు, మా ప్రాంతంలో బావినీరు కంపు కొడితే తొలి అనుమానం చక్కెర మురుగు మీదికే పోతుంది.

అనుమానం నిరాధారం కాదు, కాని అసంపూర్ణం. తీపి మురుగైనా, రాలిన ఆకులైనా, మరుగుదొడ్డి ఊటైనా నీటిలో చేరితే సూక్ష్మజీవులు ప్రాణవాయువును హరిస్తాయి. అప్పుడు మరొక జాతి సూక్ష్మజీవులు సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే.

వాసన లేని నీరెల్లా మంచిదనీ కాదు. నారికురుపు దిగుడుబావుల నుండే సోకేది. ఆ పురుగును మోసే సైక్లాప్స్ నీటికి రంగూ వాసనా ఇవ్వదు. దట్టమైన గుడ్డతో వడకట్టిన బిందె ఎన్నో కాళ్ళను కాపాడింది. 2000లో భారతదేశం ఆ వ్యాధి నుండి విముక్తమైనట్లు ధ్రువీకరణ లభించింది.

మీ బావినీటిని చేదతో తోడి చూడండి. చేదలో లేని వాసన కొళాయిలో ఉంటే దోషం ట్యాంకుదో గొట్టాలదో. చేదలోనే ఉంటే పూడిక తీయించి, 1000 లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగు పౌడరును బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగంటాక తేటను మాత్రమే బావిలో పోసి, గంట ఆగండి. మరుగుదొడ్డి ఊటైతే ఇది తాత్కాలికమే.

పూడికకు మనిషిని దింపేముందు దీపం దింపి చూడడం పాత అలవాటు. అది ఆరకపోతే ప్రాణవాయువు ఉన్నదని అర్థం, విషవాయువు లేదని కాదు. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు తగ్గిందని దిగినవాడినే కాదు, అతణ్ణి తీయబోయి దిగిన రెండవవాడినీ అది బలిగొంటుంది. పూడికను పైనుండి యంత్రంతోనే తీయించండి.