పచ్చబల్లపై తెలుగు ముద్ర
ఐదుసార్లు జరిగిన ఇండియన్ ఓపెన్ స్నూకర్.. రెండుసార్లు తెలుగు నగరాలే వేదిక

చిట్యాల: ప్రపంచ ప్రొఫెషనల్ స్నూకర్ ఆటగాళ్లు ర్యాంకుల కోసం తలపడే ‘ఇండియన్ ఓపెన్’ టోర్నీ 2013 నుంచి 2019 వరకు మన దేశంలో ఐదుసార్లు జరిగింది. అందులో రెండు పోటీలకు తెలుగు నగరాలే ఆతిథ్యమిచ్చాయి. 2016లో హైదరాబాద్, 2017లో విశాఖపట్నం ఈ గౌరవాన్ని దక్కించుకున్నాయి. హైదరాబాద్ పోటీల నాటికి చిట్యాల మండలం ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉంది. ఆ తర్వాత మూడు నెలలకు, అక్టోబరు 11న కొత్త జిల్లాలో చేరింది. రాజధానికి వచ్చి వెళ్లిన ఆ టోర్నీ చరిత్ర మన పల్లెల్లో తెలిసినవారు తక్కువే. 2019 తర్వాత అది మళ్లీ జరగలేదు.

పూల్ వేరు.. స్నూకర్ వేరు

పట్టణాల్లోని క్లబ్బుల్లో కనిపించే చిన్న బల్ల సాధారణంగా పూల్ ఆటది. పోటీలకు వాడే పూల్ బల్ల పొడవు 9 అడుగులు, వెడల్పు నాలుగున్నర అడుగులు. స్నూకర్ బల్ల సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటుంది. రెండింటికీ ఆరేసి పాకెట్లే. స్నూకర్‌లో ఎర్ర బంతులు 15, రంగు బంతులు 6, కొట్టే తెల్ల బంతి ఒకటి, మొత్తం 22. ఎర్ర బంతికి ఒక పాయింటు, నల్ల బంతికి 7 పాయింట్లు. ప్రతి ఎర్ర బంతి తర్వాత నల్ల బంతిని వేస్తూ, చివరగా రంగు బంతులన్నింటినీ వరుసగా వేస్తే 147 పాయింట్లు వస్తాయి. ఇదే గరిష్ఠ బ్రేక్. క్యారమ్స్ ఆడినవారికి కోణాల లెక్క కొత్త కాదు. అయితే ఇక్కడ బంతిని పాకెట్‌లో వేయడం ఒక ఎత్తు, తెల్ల బంతిని తర్వాతి దెబ్బకు అనువైన చోట ఆపడం మరో ఎత్తు.

పుట్టింది మన గడ్డపైనే

స్నూకర్ పుట్టినిల్లు భారతదేశమే. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి ఈ ఆటకు రూపమిచ్చినట్లు చరిత్ర చెబుతోంది. ఆ తర్వాత ఊటీ క్లబ్బులో నిబంధనలు కుదిరాయి. దీనికి అన్న వరస అయిన బిలియర్డ్స్‌లో విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ విజేతగా నిలిచాడు. స్నూకర్‌లో ఆ ఘనతను 1984లో ఓం అగర్వాల్ సాధించాడు. హైదరాబాద్ 2009లోనే ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ పోటీలకు వేదికైంది. ఫైనల్లో ఇంగ్లండ్‌కు చెందిన ఆల్ఫీ బర్డెన్ 10-8 ఫ్రేముల తేడాతో బ్రెజిల్ ఆటగాడు ఇగోర్ ఫిగ్యురెడోను ఓడించాడు.

ఢిల్లీలో మొదలు

అమెచ్యూర్ పోటీలు ఎన్ని జరిగినా, ప్రొఫెషనల్ ర్యాంకింగ్ టోర్నీ మన దేశానికి వచ్చింది మాత్రం 2013 అక్టోబరులోనే. న్యూఢిల్లీలో జరిగిన ఆ తొలి పోటీలో భారత అమెచ్యూర్లు కొందరికి వైల్డ్‌కార్డుతో ఆడే వీలు కల్పించారు. ముంబయికి చెందిన ఆదిత్య మెహతా ఫైనల్ వరకు దూసుకెళ్లి, ర్యాంకింగ్ టోర్నీ ఫైనల్ చేరిన తొలి భారతీయుడయ్యాడు. తుది పోరులో చైనా ఆటగాడు డింగ్ జున్‌హుయ్ చేతిలో 0-5తో ఓడినా, సొంతగడ్డపై అవకాశం దొరికితే మనవాళ్లు ఎంత దూరం వెళ్లగలరో చూపించాడు. రెండో పోటీ 2015 మార్చిలో ముంబయిలో జరిగింది.

హైదరాబాద్‌లో తొలి టైటిల్

మూడో పోటీకి 2016 జులై 5 నుంచి 9 వరకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. ఇంగ్లండ్‌లో అర్హత పోటీలు నెగ్గినవారు ఇక్కడికి వచ్చారు. ఫైనల్లో స్కాట్లాండ్‌కు చెందిన ఆంథోనీ మెక్‌గిల్ 5-2తో ఇంగ్లండ్ ఆటగాడు కైరన్ విల్సన్‌ను ఓడించి, తన తొలి ర్యాంకింగ్ టైటిల్ అందుకున్నాడు. నాడు ఓడిన విల్సన్ 2024లో ప్రపంచ విజేత కావడం విశేషం.

మరుసటి ఏడాది సెప్టెంబరు 12 నుంచి 16 వరకు విశాఖలో జరిగిన పోటీలోనూ మెక్‌గిల్ ఫైనల్ చేరాడు. అయితే నాలుగుసార్లు ప్రపంచ విజేత అయిన జాన్ హిగిన్స్ 5-1తో అతడిని నిలువరించాడు. హిగిన్స్‌కు అది 29వ ర్యాంకింగ్ టైటిల్.

2019 ఫిబ్రవరి చివర్లో మొదలైన కొచ్చి పోటీతో ఈ టోర్నీకి తెర పడింది. మొత్తం ఐదుగురు విజేతల్లో ముగ్గురికి, అంటే వైట్, మెక్‌గిల్, సెల్ట్‌లకు తొలి ర్యాంకింగ్ టైటిల్ దక్కింది భారత గడ్డపైనే. విజేతకు 50 వేల పౌండ్ల నగదు అందేది. 2014 నుంచి ప్రొఫెషనల్ ర్యాంకులను ప్రైజ్‌మనీ ఆధారంగానే నిర్ణయిస్తుండటంతో, ఒక్క గెలుపుతో ఆటగాడి స్థానం ఎంతో మారిపోతుంది.

మనకు మిగిలిందేమిటి?

ప్రొఫెషనల్ పోటీల్లో అధిక భాగం బ్రిటన్‌లోనే జరుగుతాయి. అక్కడ నెలల తరబడి ఉంటే తప్ప రాణించడం కష్టం. ప్రపంచ టైటిళ్లు 25కు పైగా గెలిచిన పంకజ్ అద్వానీ సైతం 2012లో ప్రొఫెషనల్‌గా మారి, 2014లో వైదొలగాడు. మరుసటి ఏడాదే ప్రపంచ అమెచ్యూర్ ఫైనల్లో అతడు ఓడించిన చైనా కుర్రాడు జావో షిన్‌టాంగ్ 2025లో ప్రొఫెషనల్ ప్రపంచ విజేతగా ఎదిగాడు. ప్రతిభలో మనం తక్కువ కాదని ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది. తేడా అంతా ఆ తర్వాత దొరికే పోటీల్లో, సాధనలోనే ఉంది.

గ్రామీణ విద్యార్థికి అడ్డంకి అంతకుముందే ఎదురవుతుంది. పెద్ద బల్ల వేయాలంటే సుమారు 22 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు గల గది కావాలి. నల్లరాతి పలకలపై గుడ్డ పరిచే ఈ బల్లను సమతలంగా నిలిపేందుకు నిపుణులు అవసరం. ఇంట్లో సాధ్యపడే పని కాదు. దీనికి తోడు పనిలేనివారి క్లబ్బు ఆట అన్న చిన్నచూపు ఉండనే ఉంది. పెద్ద టోర్నీలు వస్తుంటాయి, పోతుంటాయి. జిల్లా కేంద్రంలో విద్యార్థులకు అందుబాటులో ఒక బల్ల, నేర్పే ఒక శిక్షకుడు ఉంటే, ఇండియన్ ఓపెన్ మళ్లీ తెలుగు నేలకు వచ్చిన రోజున మన పిల్లలు ప్రేక్షకులుగానే మిగిలిపోరు.

ఇండియన్ ఓపెన్ ఫైనల్స్

2013, న్యూఢిల్లీ: డింగ్ జున్‌హుయ్ 5-0 ఆదిత్య మెహతా
2015, ముంబయి: మైకేల్ వైట్ 5-0 రికీ వాల్డెన్
2016, హైదరాబాద్: ఆంథోనీ మెక్‌గిల్ 5-2 కైరన్ విల్సన్
2017, విశాఖపట్నం: జాన్ హిగిన్స్ 5-1 ఆంథోనీ మెక్‌గిల్
2019, కొచ్చి: మాథ్యూ సెల్ట్ 5-3 ల్యూ హావోతియాన్