నేరమని రాసిన కాగితంలో మనవాళ్ల సాయం

ప్రతి ఏటా సెప్టెంబరు 17న బడిలో జెండా ఎగరేశాక పిల్లలకు తెలంగాణ సాయుధ పోరాటం గురించి చెప్తుంటాను. కడవెండి దొడ్డి కొమరయ్య, పాలకుర్తి చాకలి ఐలమ్మ, ధర్మాపురం తండా జాటోతు ఠానూ నాయక్ పేర్లు చెప్తాను. ఒక ఏడు ఏడో తరగతి పిల్లవాడు లేచి, "సార్, మన త్రిపురారం దిక్కు తండాలల్ల ఎవ్వరు లేరా?" అని అడిగాడు. నా దగ్గర చెప్పడానికి ఒక్క పేరూ లేదు.

పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది. తుపాకి పట్టినవాళ్లు కొందరే. వాళ్లు అన్నేళ్లు నిలబడింది ఊళ్లలో, తండాల్లో ఉన్నవాళ్ల వల్ల. రాత్రిపూట రొట్టెలు చేసి పెట్టారు, చీటీలు మోశారు, గాయపడ్డవాళ్లను గడ్డివాములో దాచారు. ఆ పని చేసినవాళ్లు చదువుకున్నవాళ్లు కారు, ఏమీ రాసిపెట్టుకోలేదు. వాళ్ల గురించి రాసింది పోలీసులు, కోర్టులు.

కోర్టు కాగితాల్లో యుద్ధకాలపు సాయాన్ని వెతకడం మనతో మొదలైంది కాదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సైన్యం రైతుల దగ్గర పశువులు, మక్కలు, బండ్లు తీసుకుంది. యుద్ధం ముగింపుకొచ్చాక, 1782 ప్రాంతంలో, వర్జీనియాలోని స్థానిక కోర్టులు ఒక్కొక్కరిని పిలిచి ఎవరు ఏమి ఇచ్చారో రాసుకున్నాయి. ఆ పట్టీల్లో విధవరాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. ఈనాటికీ వాళ్ల వారసులు ఆ కాగితాలు చూసి మా తాత ఇంత ధాన్యం ఇచ్చాడని చెప్పుకుంటారు.

అక్కడ కోర్టు ఆ సాయాన్ని ప్రభుత్వం తీర్చాల్సిన బాకీగా రాసింది. మన దగ్గర దళానికి పెట్టిన అన్నం నేరమైంది. అయినా రెండు చోట్లా మనిషి పేరు, ఊరు, ఇచ్చినది కాగితం మీదికి ఎక్కాయి. మన మిసళ్లను చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. "ఫరారీలకు ఆశ్రయమిచ్చాడు" అని ఉన్నచోట, ఆ రాత్రి ఒక ఇంటి తలుపు తెరుచుకుందేమో అని ఆగి చూడాలి.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత సైనిక పాలనలో స్పెషల్ ట్రిబ్యునళ్లు పెట్టారు. నల్లగొండ ట్రిబ్యునల్ 1949లో నల్లా నర్సింహులు, బాలుడు ఎర్రబోతు రాంరెడ్డి తదితరులకు ఉరిశిక్ష వేసింది. ఇంగ్లండు నుంచి డి.ఎన్. ప్రిట్ అనే న్యాయవాది వచ్చి వాళ్ల తరఫున వాదించారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జనార్దన్ రెడ్డి కేసుగా 1951 మార్చిలో తీర్పు వచ్చింది. పిటిషన్లు కొట్టేసినా, తర్వాత ఉరిశిక్షలు యావజ్జీవంగా మారాయి. ఆ తీర్పు ఈనాటికీ ఎవరైనా చదువుకోవచ్చు. పెద్ద కేసులు అట్లా నిలిచాయి. అన్నం పెట్టినవాళ్ల చిన్న కేసులను మనమే వెతకాలి.

వెతికేవాళ్లకు కొన్ని గుర్తులు చెప్తాను. ఆనాటి కోర్టు కాగితాలు ఎక్కువగా ఉర్దూలో ఉంటాయి, తేదీలు ఫసలీలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఆ ఏడాది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1358 ఫసలీ అంటే 1948 అక్టోబరు నుంచి లెక్క. "వల్ద" అంటే కొడుకు, "జౌజే" అంటే భార్య, "కౌం" అంటే కులం, "సాకిన్" అంటే నివాసి. ఈ నాలుగు మాటలు పట్టుకుంటే మనిషి దొరుకుతాడు. జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది కనుక ధర్మాపురం సంగతులూ నల్లగొండ కిందే చూడాలి. హైదరాబాదు తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. ఉర్దూ చదవగల పెద్దమనిషిని వెంట తీసుకుపోతే మంచిది.

మిసల్‌లో ఉన్నదంతా నిజమనుకోవద్దు. దెబ్బలకు తాళలేక ఒప్పుకున్నవాళ్లు ఉంటారు, పగతో ఇరికించినవాళ్లు ఉంటారు. భయపడి అన్నం పెట్టినవాళ్లూ ఉంటారు. అందుకే కాగితంలో పేరు దొరికితే తండాకు వచ్చి ముసలివాళ్లను అడగాలి. రెండూ కలిసినచోట నమ్మాలి.

ఇదంతా ఎందుకంటే, స్వాతంత్ర్య సమరయోధుల పింఛనుకు ఆరు నెలల జైలు చూపమన్నారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు మూడు నెలలు చాలన్నారు. రుజువు కాగితం కావాలి. రొట్టెలు చేసిపెట్టి, దెబ్బలు తిని, జైలుకు పోకుండా ఇంట్లోనే మంచం పట్టిన అవ్వకు ఏ కాగితం ఉంటుంది? ఆమెకు ఇప్పుడు పింఛను ఇప్పించలేం. పేరు మాత్రం దొరకొచ్చు.

ఆ పిల్లవాడికి నేనింకా జవాబు బాకీ ఉన్నాను. ఈ ఏడు మా బడిలో ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాం. ప్రతి పిల్లా తన ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ముత్తాత ముత్తవ్వల పేర్లు, పాత తండా పేరు రాసుకొస్తోంది. ముందు మన పేర్లు మనకు తెలిస్తేనే కదా, మిసల్‌లో కనిపించినప్పుడు గుర్తుపట్టేది. మీ బడిలోనూ ఒకటి మొదలుపెట్టండి. తెలిసిన ముసలివాళ్లు తగ్గిపోతున్నారు.