కంచె లోపలి ప్రశాంతత: విజయనగరం కాంటోన్మెంటు చరిత్ర

మన ఉత్తరాంధ్ర చరిత్ర రాసినవారు కోటల గురించి విస్తారంగా రాశారు. 1757లో బొబ్బిలి కోట ఎలా కూలిందో, 1794 జులై 10న పద్మనాభం దగ్గర చిన విజయరామరాజు ఎలా నేలకొరిగాడో బడిపిల్లలు కూడా చెప్పగలరు. కాని యుద్ధం ముగిసిన మర్నాటి సంగతి మనం అంతగా పట్టించుకోలేదు. గెలిచినవాడు ఎక్కడ కాపురం పెట్టాడు? అతని ఇంటికి నీళ్లు ఎవరు మోశారు? ఆ ఇంటి గుమ్మం దాకా ఎవరు రాగలిగారు, ఎవరు కంచె దగ్గరే ఆగిపోయారు? ఇవి చిన్న ప్రశ్నలుగా కనిపిస్తాయి. నా దృష్టిలో రాజ్యం మారడం కంటే ఇవి తక్కువ విషయాలు కావు. రాజ్యాలు మారిన తర్వాత కూడా ఆ కంచెలు నిలిచే ఉన్నాయి.

విజయనగరం కోట 1713 నాటిది. కోటకు సుమారు మైలు దూరంలో, ఉత్తరానికి మెల్లగా వాలిన నేలమీద, ఇంగ్లీషువారు కాంటోన్మెంటు కట్టుకున్నారు. కోటకూ కాంటోన్మెంటుకూ నడుమ పెద్ద చెరువు. పందొమ్మిదో శతాబ్దం చివరి గెజెటీరులో ఈ స్థలం వర్ణన ఉంది. దేశీయ పదాతి దళానికి లైన్లు, ఒక ఆస్పత్రి, అధికారులకు సుమారు ఇరవై ఇళ్లు, ప్రతి ఇంటికీ ముచ్చటైన తోట, తోట చుట్టూ సమంగా కత్తిరించిన పచ్చని కంచె. ఇంగ్లండులో ఏ పట్టణం శివారునో చూసినట్టే ఉంటుంది. మన ఎండలో, మన ఎర్రమట్టిలో, మన మాలీల చేతులతో ఇంగ్లీషు శివారునొకదాన్ని పెంచారు.

ఈ ప్రశాంతతకు పునాది ఏమిటి? పద్మనాభం తర్వాత కంపెనీ రాజకుమారుడికి సంస్థానాన్ని కుదించి తిరిగి ఇచ్చింది. 1802 శాశ్వత బందోబస్తులో 1,157 గ్రామాల ఎస్టేటుకు సాలుకు 5 లక్షల రూపాయల పేష్కషు కట్టింది. ఆ సొమ్ము రైతు చెమటలోంచి జమీందారుకూ, జమీందారు ద్వారా కంపెనీకీ చేరేది. ఈ ప్రవాహం ఎక్కడైనా తెగితే తిరిగి అతకడానికి సైన్యం దగ్గరలో ఉండాలి. 1832 నుంచి 1834 దాకా పర్లాకిమిడి, పాలకొండ ప్రాంతాల్లో తిరుగుబాటు చెలరేగినప్పుడు జార్జి రస్సెల్‌ను కమిషనరుగా పంపి సైన్యంతోనే అణిచారు. పాలకొండ జమీ జప్తయింది. కత్తిరించిన కంచె వెనుక కత్తి ఉందన్నమాట.

ఐతే ఆ కంచె లోపల బతుకు ఎలా ఉండేది? దీనికి మనకు దొరికే మంచి సాక్షి ఒక ఇంగ్లీషు స్త్రీయే. జూలియా మెయిట్లండు అనే ఆమె భర్త రాజమహేంద్రవరంలో జిల్లా జడ్జి. 1836 నుంచి 1839 వరకు ఇంటికి రాసిన ఉత్తరాలను ఆమె 1843లో పేరు చెప్పకుండా పుస్తకంగా అచ్చు వేయించింది. తోటి దొరల బతుకును ఆమె కొంటెగా చూసింది. పరామర్శ కోసం ఒకరింటికి ఒకరు వెళ్లడం, విందులు, విసుగు, ఇంటినిండా నౌకర్లు, ఒక్కొక్క నౌకరు ఒక్కొక్క పనే చేయడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఈ దేశాన్ని గురించీ మనుషుల గురించీ ఏం చూశావని మద్రాసులో ఒక దొరసానిని అడిగితే, ఏమీ చూడలేదని, చూడనక్కర లేకపోవడమే తన అదృష్టమని ఆ దొరసాని సంతోషపడిందట. ఈ దంపతులు మాత్రం రాజమహేంద్రవరంలో మనవారికి బడి పెట్టారు, పఠనమందిరం తెరిచారు. కాబట్టి లోపమంతా వ్యక్తుల స్వభావంలో ఉందని నేను అనను. మనిషిని చూడకుండా అతని సేవ పొందడానికి వీలుగా కట్టిన నివాసమది. దానికి తలవంచనివారు అక్కడ అరుదు.

దూరంగా ఉండడానికి శాస్త్రాన్ని కూడా సాక్ష్యం పిలిచారు. ఇండియాలోని సైన్యం ఆరోగ్యం మీద ఏర్పడిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. అంతకుముందు నలభై యేళ్లలో ఇక్కడి ఇంగ్లీషు సైనికులు ఏటా వెయ్యికి 69 మంది చొప్పున చనిపోయారని తేల్చింది. ఆ మరుసటి యేడు, 1864లో, కాంటోన్మెంటు చట్టం వచ్చింది. చెడుగాలి వల్ల రోగాలొస్తాయని అప్పటి నమ్మకం. కనుక ‘నేటివు’ పేటల గాలి సోకకుండా ఎడంగా ఉండాలన్నారు. కలరా నీళ్ల ద్వారా పాకుతుందని 1854లోనే లండనులో జాన్ స్నో చూపించాడు. పాలు, కూరగాయలు, చాకలి మూటలు, వంటవాడు, ఆయా, అన్నీ ఊళ్లోంచే వచ్చేటప్పుడు మైలు దూరం ఏ రోగాన్ని ఆపుతుంది? అది ఆపినది ఒక్కటే: పేటలో మురుగు చూసి, దాన్ని బాగుచేయవలసిన బాధ్యత తమదేనని పాలకుడు తలవంచవలసిన సందర్భాన్ని.

ఇది ఒక్క వలస దేశపు కథే అనుకుంటే పొరపాటు. ఏంగెల్సు 1845లో ఇంగ్లండు కార్మికుల స్థితిగతుల మీద రాసిన గ్రంథంలో మాంచెస్టరును వర్ణించాడు. మిల్లు యజమానులు ఊరి బయట మిట్టలమీద తోటల నడుమ ఇళ్లు కట్టుకున్నారు. అక్కడినుంచి ఊరి నడిబొడ్డుకు వెళ్లే రహదారుల పొడుగునా దుకాణాలు బారులు తీరి, వెనకనున్న కూలివాడలను కప్పేశాయి. యజమాని రోజూ ఆ దారినే వెళ్లి వచ్చినా తన సంపద పుట్టిన చోటు అతని కంట పడదు. మాంచెస్టరులో అంగళ్లవరుస చేసిన పని విజయనగరంలో చెరువు చేసింది. మరో విశేషం: బంగళా అన్న మాట బెంగాలు నుంచి పుట్టింది. ఇక్కడ దొరల ఇల్లయి, 1870 ప్రాంతాల్లో ఇంగ్లండు సముద్రతీరానికి చేరి, తర్వాత అక్కడి శివారు ఇళ్లకు పేరయింది. సరుకుల మాదిరిగానే ఇళ్ల నమూనాలు కూడా వలస దారుల వెంట తిరిగాయి.

కాంటోన్మెంటులో బంగళాలే కాక లైన్లు కూడా ఉన్నాయని మరవకూడదు. కంపెనీ సైన్యంలో ‘తెలింగా’ సిపాయిలు మన తెలుగువాళ్లే. 1780 అక్టోబరు 3న విశాఖపట్నంలో, హైదరలీ మీద యుద్ధానికి ఓడలెక్కమంటే సిపాయిలు తిరగబడ్డారు. కొందరు తెల్ల అధికారులు ప్రాణాలు కోల్పోయారు. బంగళాను కాపలా కాసేవాడే ఆ ప్రశాంతతను భగ్నం చేయగలడని అప్పుడే రుజువయింది.

మా ఇంట్లో పనిచేసే పెద్దామె వయసు డెబ్బై దాటింది. ఆమె తాత ఒక బంగళాలో మాలీ. ‘‘ఆ తోటంతా మా తాత సేతిదే బాబూ. మొక్కలకి నీళ్లు తోడీవోడు గాని, ఆ నూతి నీళ్లు ఆడు తాగకూడదంట. ఇంటికాడ్నించి ముంతతో పట్టుకెళ్లీవోడు’’ అని ఒకనాడు చెప్పింది. ఈ ముంత ఏ గెజెటీరులోనూ లేదు. ఐతే ఆ నిషేధం దొర కొత్తగా కనిపెట్టినది కాదు. మన ఊళ్లలో నూతి చుట్టూ గిరిగీసినవాళ్లం మనమే. ఇంగ్లీషు శివారు మన నేలలో అంత తేలిగ్గా వేరూనడానికి కారణం అంతకుముందే ఇక్కడ వాడ ఊరికి ఎడంగా ఉండడమే. వర్ణం గీసిన హద్దుమీద వలస పాలన తన కంచె నాటింది.

చెరువుకు ఇవతల 1879లో మహారాజావారి కళాశాల ఏర్పడింది. అక్కడ అధ్యాపకుడిగా పనిచేసిన గురజాడ రాసిన ‘కన్యాశుల్కం’ 1892లో రంగస్థలమెక్కింది. గిరీశానికి ఆస్తి లేదు, బంగళా లేదు, ఉన్నదల్లా ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషుతోనే అతడు కంచెకు అవతలివాడిలా చలామణి అవుతాడు. గురజాడ మనల్ని నవ్వించి ఊరుకోలేదు. చదువుకున్న మధ్యతరగతి కోరిక ఎటువైపు చూస్తుందో చూపించాడు. దొర వెళ్లిపోవాలని కోరినవారిలో, దొర ఖాళీచేసిన వరండాలో పడక కుర్చీ వేసుకోవాలని కోరినవారు ఎందరు?

ఈ ప్రశ్న నాకూ వర్తిస్తుంది. ఉద్యోగరీత్యా ఈ ఊరు వచ్చినప్పుడు అద్దె ఇంటికోసం చెట్లున్న వీధులే వెతికాను. ఒక ఇంటివారు మర్యాదగా కాఫీ ఇచ్చి, ‘‘మాష్టారూ, మీరేవిట్లు?’’ అని అడిగారు. ఆ ఇల్లు వద్దని వచ్చేశాను. వచ్చేశానని గర్వపడ్డాను కూడా. చివరకు కుదిరిన ఇంటి గోడమీద, పనివాళ్లు వెనక కుళాయి మాత్రమే వాడాలని రాసి ఉంది. నేను అక్కడే మూడేళ్లు ఉన్నాను. తెల్లవారుజామున ఆ నిశ్శబ్దంలో కూర్చుని సమానత్వం మీద పాఠాలు తయారుచేసుకున్నాను. ఆ రాతను చెరిపేయమని ఇంటివారిని అడగడానికి నాకు ఏడాది పట్టింది. అడిగిన తర్వాత వారు చెరిపారు. కుళాయి అలవాటు మాత్రం మారలేదు. పెద్దామె ఇప్పటికీ వెనక్కే వెళుతుంది.

చెట్టు నీడనూ నిశ్శబ్దాన్నీ కోరడం తప్పా అని మిత్రులు అడగవచ్చు. తప్పు కాదు. ఆ ఇరవై ఇళ్లకు దక్కిన గాలీ వెలుతురూ మంచినీళ్లూ మనిషికి కావలసినవే. వాటిని ఇరవై ఇళ్లకే పరిమితం చేసి, వాటిని సమకూర్చిన చేతులను కంచె బయట నిలబెట్టడమే తప్పు. 1888లో ఏర్పడిన విజయనగరం మునిసిపాలిటీ చరిత్రను ఎవరైనా రాస్తే, ఏ పేటకు కుళాయి ఎప్పుడు వచ్చింది, ఏ వీధికి మురుగు కాలువ ఎప్పుడు పడింది అన్న వరసలోనే రాయాలి. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. నివాసాల జమీందారీ ఇంకా రద్దు కాలేదు.

నా విద్యార్థులకు ఈ యేడు ఒక పని అప్పగించాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరి ఊళ్లో వారు, తమ వీధి పుట్టిన తీరును పెద్దలనడిగి రాసుకురావాలి. నూయి ఎవరు తవ్వారు, అందులో నీళ్లు ఎవరు తోడుకున్నారు, ఎవరు తోడుకోకూడదన్నారు అన్నవి తప్పకుండా రాయాలి. కాంటోన్మెంటు గురించి మొదటి కాగితం నేను రాసి ఇచ్చాను. అందులో మొదటి వాక్యం ఆ మాలీ ముంత గురించే.