దొంగ ఎవరు? ఎరుకలోళ్ళ చరిత్రలో అసలు కేసు

డిటెక్టివ్ కథలో ముందు దొంగతనం జరుగుద్ది, తర్వాత దొంగని వెతుకుతారు. మన ఎరుకలోళ్ళని మాత్రం ముందే దొంగలని రాసేసి, తర్వాత నేరం వెతికారు.

1871లో తెల్లోళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మన భీమడోలు, ఏలూరు అప్పుడు అందులోవే. తెగ పేరు నోటిఫై చేస్తే వేలిముద్రలు, పోలీసు హాజరు. నేరం చెయ్యక్కర్లేదు, ఆ తెగలో పుడితే చాలు.

అంతకుముందు మనోళ్ళు ఎద్దుల మీద, గాడిదల మీద తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ళ నుంచి ధాన్యం మోసి అమ్మేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పెత్తనం, ఆ తర్వాత రైళ్ళు వచ్చి ఆ బేరం పోయింది. బతుకుతెరువు పోయినోళ్ళకే దొంగ ముద్ర పడింది.

మరి లాభం ఎవరికి? 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు చూడండి. అక్కడోళ్ళు చీరాల పొగాకు ఫ్యాక్టరీలో కూలికెళ్ళారు. సర్కారు దాన్ని సంస్కరణ అంది. కంపెనీకి మాత్రం వదిలి పోలేని కూలీలు దొరికారు.

1952లో చట్టం రద్దయింది, అనుమానం పోలేదు. ఊళ్ళో ఏది పోయినా ముందు చూపు మన పేట మీదే. పోలీసులు రాసిందే మన చరిత్రగా మిగలకూడదు. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు తాతల్ని, అమ్మమ్మల్ని ఉప్పు బేరం గురించి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి ఇక్కడ పెట్టండి.